ఉమ్మడి నేల, ఉమ్మడి నీరు



నిన్నటి ప్రసంగానంతరము ఒకరు మమ్ము, "ఊరుమ్మడి చెరువునకు, పొలమునకు ధర్మశాస్త్రముతో పనియేమి?" అని అడిగిరి. పని చాల ఉన్నది. పొలము ఒకనిదే అయినను దానికి పారు నీరు ఒకనిది కాదు. నీరు ఉమ్మడి అయినపుడు గట్టు ఉమ్మడి, పూడిక ఉమ్మడి, ఎండిన ఏటి నష్టమును ఉమ్మడియే.

కౌటిల్యుడు అర్థశాస్త్రమున జనపదనివేశమును చెప్పుచు ఒక నియమము చేసినాడు. పదిమంది కలసి సేతువు కట్టుచుండగా తొలగిపోయినవాడు తన బదులు పనివారిని, ఎడ్లను పంపవలెను. ఖర్చులో తన పాలు పెట్టవలెను. ఫలములో మాత్రము వానికి భాగము లేదు. సేతువనగా ఇచట చెరువుకట్ట వంటిది. మరియొకచోట, ఊరివారు ఆడించు ఆటకు తన వంతు ఈయనివాడు ఇంటివారితో సహా దానిని చూడరాదనియు, చాటుగా చూచినను విన్నను రెట్టింపు ఈయవలెననియు అన్నాడు. సర్వహితమైన పనికి ఎగవేసినవానికిని అదే శిక్ష. వినుటకు నవ్వు వచ్చును గాని, పదిమంది సొమ్మును ఊరక అనుభవించు బుద్ధి ఎంత చిన్న విషయముతో మొదలగునో ఆయనకు తెలియును.

ఇది గ్రంథములలోనే నిలిచిన మాట కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి సంస్కృత శాసనము కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు వేయిమంది కూలీలతో, నూరు బండ్లతో రెండేండ్లు శ్రమింపజేసి అచట చెరువు కట్టించినాడు. మంచి చెరువునకు పన్నెండు అంగములు, చెడ్డదానికి ఆరు దోషములు అందు చెప్పబడినవి. కట్ట నుండి నీరు ఊరుట, చవిటినేల దోషములని ఎవరైనను ఒప్పుదురు. రెండు రాజ్యముల సరిహద్దున ఉండుట దోషమట. నీరు స్వల్పమై నేల విస్తారమగుటయు దోషమట. ఈ రెండును మట్టిలోని లోపములు కావు, మనుష్యుల మధ్య తగవులు.

ఆ తగవు తీర్చుటకే నీరుగంటి ఉండెడివాడు. తూము తెరచుట, మూయుట, మడి మడికి నీరు కట్టుట అతని పని. కళ్ళమున రైతులందరు మేర కొలిచి ఇచ్చెడివారు. కావున అతడు ఏ ఒక్కరి జీతగాడు కాడు. రాయలసీమలో చెరువును కట్టినవారికి, బాగుచేయువారికి దశబంధ ఇనాములుండెను. తెలంగాణలో చెరువున నిలిచిన నీటిని చూచి ఈ పంటకు ఇంత ఆయకట్టే సాగు కావలెనని ముందే నిర్ణయించుటను తైబందీ అనిరి.

అయితే పూర్వమున అంతయు ధర్మమే అని మేము చెప్పము. తట్ట మోసినవానికి ఆయకట్టులో సెంటు భూమి లేక, గట్టు నెక్కనివానికి భాగము దక్కిన ఊళ్ళు అనేకము. కౌటిల్యుని నియమమును తలక్రిందులు చేసిన పని అది. అగ్రహారములు సైతము ఈ మాటకు బదులు చెప్పవలసినవే.

1984లో కరణీకములు రద్దయినవి. 1997 చట్టముతో నీటి వినియోగదారుల సంఘములు వచ్చినవి. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీయుట ప్రభుత్వపు వంతు, ఆ ఒండ్రును తమ పొలములకు తోలుకొనుట రైతుల వంతు అయినది. ఈ పద్ధతి మాకు నచ్చినది, మోసినవానికే ఫలము.

మన స్వామివారి మాన్యమునకు నీరిచ్చు కాలువ పూడి ఉన్నది. ఈ వేసవిలో తీయవలెను. రాలేనివారు మనిషిని, ఎడ్లను పంపవచ్చును. ఎడ్లు లేనివారు ట్రాక్టరు పంపినను శాస్త్రమునకు అభ్యంతరము లేదు.