దాచిన జాబితా, అడిగి తెచ్చిన లెక్క

రైలు ప్రయాణము తలపెట్టినపుడు మనము కంప్యూటరును రెండు ప్రశ్నలు అడుగుదుము. ఈ బండి ఏయే స్టేషన్లలో ఆగును? ఫలానా తేదీన బెర్తు ఖాళీ కలదా? రెండును ప్రశ్నలే, కాని రెండింటికిని సమాధానమును ఒకే చోట వెదకుట యుక్తము కాదు. ప్రోగ్రాములు వ్రాయువారికి నిత్యము ఎదురగు సమస్య ఇదియే.

లెక్కలన్నియు భద్రముగా నుండు చోటు డేటాబేసు. సమాచారమును పట్టికలుగా అమర్చు సిద్ధాంతమును ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు 1970లో ప్రకటించెను. కావలసినదేదో మనము చెప్పిన చాలును. దానిని వెదకు మార్గమును డేటాబేసే నిర్ణయించుకొనును. తగిన ఇండెక్సు ఉన్నచో లక్షల వరుసలలో నుండి కావలసిన పదింటినే ఏరి యిచ్చును.

అయితే అడిగినప్పుడెల్ల ఒకమారు పోయి రావలెను. నూరు స్టేషన్ల పేర్లకై నూరుమార్లు తిరుగుట వృథాశ్రమ. అందుచే ఒక్కమారు తెచ్చిన సమాచారమును ఆబ్జెక్టుల సముదాయముగా మెమరీలో నిలుపుకొందురు. దీనికి క్యాష్ అని పేరు. ఇది రొక్కము కాదు. దాచుట అను అర్థముగల ఫ్రెంచి మాట నుండి వచ్చినది. పెద్ద మెమరీకి ముందు వేగము గల చిన్న మెమరీని నిలుపు ఉపాయమును మారిస్ విల్క్స్ 1965లోనే వివరించెను.

కాని దాచినది పాతబడును. 1999లో సికింద్రాబాదుతో సహా దేశములోని అయిదు రిజర్వేషను కేంద్రములు అనుసంధింపబడినవి. ఒక ఊరి కౌంటరులో మరియొక ఊరి బండికి టిక్కెట్టు కొను సౌకర్యము విస్తరించెను. ఇట్టిచోట ప్రతి కౌంటరును తాను దాచుకొన్న జాబితానే నమ్మి బెర్తు అమ్మినచో ఏమగును? అర్ధరాత్రి ఒకే బెర్తు వద్ద ఇద్దరు ప్రయాణికులు టిక్కెట్లు చేత బట్టుకొని నిలుతురు.

కావున వేగ మొక్కటే కొలబద్ద కారాదు. సమాచారము ఎంత తరచుగా మారును? ఎన్నిమార్లు చదువబడును? పాత సమాధానము వలన ఎవరికి ఎంత నష్టము? ఈ మూడును విచారింపవలెను. స్టేషన్ల జాబితా అరుదుగా మారును, పలుమార్లు చదువబడును. దానిని నిశ్చింతగా దాచవచ్చును, మారిననాడు మరల తెచ్చుకొనవలెను. ప్రయాణికుల పట్టికను యావత్తు మెమరీలో నింపి ఒక్క పేరు వెదకుట మాత్రము అవివేకము. ఆ పని డేటాబేసుకే తగును. ఖాళీల సంఖ్యను చూపుటకు కొన్ని క్షణముల నాటి నకలు చాలును. బెర్తు అమ్ము క్షణమున మాత్రము అసలు లెక్కనే అడుగవలెను, అక్కడనే వ్రాయవలెను.

నకలు చూచుటకు, అసలు ఒప్పుటకు. ఈ భేదమును పాటించిన ప్రోగ్రాము వేగముగాను నడచును, మాటయు నిలుపుకొనును.