మితాహారం అంటే కొద్దిగా తినడమా?

నేడు క్షీరాబ్ది ద్వాదశి. ఏదైనా పురాణ ఘట్టం వినిపించవలసిందిగా ధర్మకర్తలు నన్ను కోరారు. వారి అనుమతితోనే విషయం మార్చుకున్నాను. ఈ సాయంకాలం నేను అన్నాన్ని గురించి మాట్లాడతాను. పురాణానికి బదులు నా స్వవిషయం చెబుతున్నందుకు పెద్దలు మన్నించాలి.

నలభై సంవత్సరాలు వ్యాకరణం పాఠం చెప్పుకొని బ్రతికినవాణ్ణి. ఉద్యోగ విరమణ అనంతరం కాశీయాత్ర చేసి వచ్చి, ఇక శరీరపోషణ మీద దృష్టి తగ్గించాలని సంకల్పించుకున్నాను. పగలు ఒక్కపూట భోజనం. అందులో అన్నం, పచ్చడి, చారు, పలుచని మజ్జిగ రెండు గరిటెలు. రాత్రి ఒక అరటిపండు. పాలు, పెరుగు పూర్తిగా విడిచాను. పప్పు అజీర్ణమని దానినీ దూరం చేశాను. కడుపులో మంట అనిపిస్తే ఆమ్లాన్ని తగ్గించే బిళ్ళ ఒకటి మందుల దుకాణంలో కొనుక్కొని, ఎవరినీ అడగకుండా సంవత్సరాల తరబడి వేసుకున్నాను. చూసినవారు "మీది ఋషిజీవనం" అనేవారు. ఆ మాట నాకు నచ్చేది. దాచడం దేనికి, చాలా నచ్చేది.

ఆరేడు సంవత్సరాలు ఏమీ కాలేదు. ఆ తరువాత ఒకనాడు ఈ ఆలయం నుండే ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో మా ఇంటావిడ నా కాళ్ళవైపు చూసి "రెండో చెప్పు ఏదండీ?" అని అడిగింది. ఎడమకాలి చెప్పు దారిలో ఎక్కడో జారిపోయింది. ఫర్లాంగు దూరం వట్టికాలితో నడిచి వచ్చాను, నాకు తెలియలేదు. అరికాళ్ళు దూదిమీద పెట్టినట్టుగా అప్పటికి కొన్ని నెలలుగా ఉంటూనే ఉంది. వార్ధక్యం అనుకున్నాను.

దానికంటె నన్ను క్రుంగదీసినది మరొకటి. నా దగ్గర కౌముది చదువుకొనే పిల్లవాడు 'మిత' శబ్దం ఎలా సిద్ధించిందని అడిగాడు. 'మా' ధాతువు మీద క్త ప్రత్యయం వచ్చిందని చెప్పాను. ధాతువులోని ఆకారం ఇకారంగా ఎలా మారిందని వాడు మళ్ళీ అడిగాడు. దానికి పాణినీయంలో సూత్రం ఉంది. పన్నెండవ ఏట కంఠస్థం చేసిన సూత్రం, వేలసార్లు చెప్పిన సూత్రం. రాలేదు. వాడు పుస్తకం తిరగేసి తనే చదివి వినిపించాడు, గురువు అవమానపడకూడదని తల వంచుకొని. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నాకు పొలం లేదు, పుట్ర లేదు. ఉన్న ఆస్తి అంతా జ్ఞాపకమే.

అంతకుముందే పాలిపోయి ఉన్నానని ఎవరో చెప్పగా రక్తం పట్టడానికని బిళ్ళలు వాడాను. వాటిలో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంది. ముఖంలో కాస్త కళ వచ్చింది, కాళ్ళు మాత్రం మరింత మొద్దుబారాయి. దీని రహస్యం తరువాత తెలిసింది.

నా పూర్వ విద్యార్థి కుమార్తె వైద్యురాలు. ఆమె వద్దకు వెళ్ళాను. ఆ అమ్మాయి నాడి చూడకముందే "తాతగారూ, నిన్న ఏమి తిన్నారు? మొన్న ఏమి తిన్నారు?" అని అడిగింది. గర్వంగానే చెప్పాను. ఆమె మెచ్చుకోలేదు. రక్తం తీయించింది. బి12 అనే జీవసత్త్వం మిల్లీలీటరుకు సుమారు 200 పికోగ్రాములైనా ఉండాలట. నాకు అందులో సగం కూడా లేదు.

ఈ పదార్థం మనకు రోజుకు కావలసినది సుమారు రెండు, రెండున్నర మైక్రోగ్రాములు మాత్రమే. గ్రామును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం మైక్రోగ్రాము. ఇంత స్వల్పమైన వస్తువు లేకపోతే నాడుల మీది పొర చెడుతుంది, రక్తకణాలు సరిగా తయారు కావు, జ్ఞాపకం మసకబారుతుంది. దీనిని సృష్టించేవి సూక్ష్మజీవులు. పశువుల శరీరం ద్వారా అది పాలలోకి వస్తుంది. ధాన్యాలలో, కూరగాయలలో, పండ్లలో నమ్ముకోదగినంత ఉండదు. కనుక మాంసం ముట్టని మనకు పాలు, పెరుగులే ఆధారం. మజ్జిగలో నీరు ఎంత ఎక్కువైతే ఇది అంత పలుచబడుతుంది. కాలేయంలో దీని నిల్వ కొన్ని సంవత్సరాలకు సరిపడా ఉంటుంది. అందుకే పాలు మానిన వెంటనే ఏమీ కాదు. నా ఋషిజీవనం అన్నాళ్ళు సాగింది ఆ పాత నిల్వ మీదనే. పైగా ఆహారం నుండి దీనిని విడదీయడానికి కడుపులోని ఆమ్లం కావాలి. వయసు మీరినకొద్దీ అది తగ్గుతుంది. మిగిలినదానిని నేను బిళ్ళలు వేసి అణచాను.

ఇక ఫోలిక్ ఆమ్లం సంగతి. దానిని కృత్రిమంగా తయారుచేసే మార్గాన్ని 1945లో సాధించిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే గ్రహణీ వ్యాధి ఆయన సోదరులను తీసుకుపోయింది, ఆయననూ పట్టుకుంది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికి, అమెరికా వెళ్ళి, అటువంటి పాండురోగాలకు మందు కనిపెట్టిన మహానుభావుడు. ఆ మందు గొప్పదే. కాని బి12 లోపించినవానికి అదొక్కటే ఇస్తే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నాడులు చెడుతూనే ఉంటాయి. నా విషయంలో జరిగింది అదే. కనుక బలానికని మందులు స్వయంగా కొనుక్కోకండి.

నాకు సూదిమందు ఇచ్చారు. అది ఎర్రగా ఉంటుంది. ఆ రంగు చూసి నాకు శంక కలిగి, ఇది ఏ జంతువు నుండి తీశారని అడిగాను. నేడు దీనిని సూక్ష్మజీవుల చేత, పెరుగు తోడుపెట్టినట్టుగా పులియబెట్టి తయారుచేస్తారని, ఎరుపు దాని సహజవర్ణమేనని ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. అయితే కొన్ని మందుల గొట్టాల పైతొడుగు జెలటిన్‌తో చేస్తారు, అది పశువుల చర్మం, ఎముకల నుండి వచ్చేది. ఆచారం పాటించేవారు బిళ్ళ రూపంలోగాని, సూది రూపంలోగాని ఇమ్మని అడగవచ్చు. అడగడానికి మొహమాటపడి మందే మానుకోవడం తగదు.

ఇప్పుడు 'మిత' శబ్దానికి వద్దాం. ఆ సూత్రం తిరిగి వచ్చింది లెండి. 'మా' ధాతువుకు కొలుచుట అని అర్థం. మితమంటే కొలిచినది. కొద్దిది అని కాదు. చరకసంహిత సూత్రస్థానంలో ఐదవ అధ్యాయం పేరు మాత్రాశితీయం. మాత్ర అన్నా కొలతే. కొలత అన్నప్పుడు అధికమూ దోషమే, న్యూనమూ దోషమే. నలభై ఏళ్ళు ఈ ధాతువుకు అర్థం చెప్పి, నా విస్తరి దగ్గర మాత్రం మితాన్ని అల్పమని అన్వయించుకున్నాను.

నిన్నటి ఏకాదశితో చాతుర్మాస్యం పూర్తయింది. ఆ వ్రతక్రమం చూడండి. మొదటి మాసం శాకాలు, రెండవ మాసం పెరుగు, మూడవ మాసం పాలు, నాలుగవ మాసం పప్పులు వర్జ్యం. ఒక్కొక్క మాసం ఒక్కొక్కటే. పెరుగు విడిచిన మాసంలో పాలున్నాయి. పాలు విడిచిన మాసంలో పప్పులున్నాయి. పూర్వులకు బి12 తెలుసునని నేననను. అటువంటి మాటలు ఈ రోజుల్లో చాలా వినబడుతున్నాయి, అవి శాస్త్రానికి గౌరవం తెచ్చేవి కావు. కాని వ్రతానికి వారు అవధి పెట్టారు. అన్నిటినీ కలిపి ఏడాది పొడవునా విడిచిపెట్టమని నాకు ఎవరూ చెప్పలేదు. అది నా సొంత కల్పన.

చివరికి ఒక్క విషయం మిగిలింది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, దీనికోసమే ఈ అంశం ఎన్నుకున్నాను. ఆ వైద్యురాలు నాకు మందు రాసిన తరువాత మా ఇంటావిడ వైపు తిరిగి "అమ్మమ్మగారూ, మీరేమి తింటారు?" అని అడిగింది. ఆమె "మిగిలింది తింటానమ్మా" అన్నది. ఆమె సమాధానం చెప్పేలోపల నేను చెప్పబోయాను, నాకు తెలియలేదు. యాభై ఏళ్ళ కాపురంలో ఆమె కంచంలో ఏముందో నేను ఏనాడూ చూడలేదు. అందరి భోజనాలయ్యాక కూర్చొనేది. అప్పటికి కూర ఉండేది కాదు. చారూ, ఊరగాయా, వెంటనే ఒక గ్లాసు టీ. ఆమె రక్తంలో హిమోగ్లోబిన్ ఏడున్నర ఉంది. స్త్రీలకు పన్నెండు ఉండాలి. మెట్లెక్కితే ఆయాసమని ఆమె అనేది. నేను విష్ణుసహస్రనామం చదువుకోమనేవాణ్ణి.

మనదేశంలో పదిహేను నుండి నలభైతొమ్మిదేళ్ళ లోపు స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మన ఇళ్ళు ఆ లెక్కకు వెలుపల లేవు.

మా వంటింట్లో వచ్చిన మార్పులు పెద్దవి కావు. రోజూ కందిపప్పో, పెసరపప్పో ముద్దపప్పుగానైనా ఉంటుంది. బియ్యంలో తక్కువైన మాంసకృత్తుల అంశాన్ని పప్పు పూరిస్తుంది, పప్పులో తక్కువైనదానిని బియ్యం పూరిస్తుంది. వారంలో నాలుగు రోజులు తోటకూర, మునగాకు వంటి ఆకుకూర, దించిన తరువాత నిమ్మరసం. ఆకులోని ఇనుము వంటబట్టడానికి పులుపులోని సి జీవసత్త్వం తోడ్పడుతుంది, టీ, కాఫీలు అడ్డుపడతాయి. కనుక భోజనానికీ టీకీ మధ్య గంట ఎడం పెట్టాం. ఇద్దరమూ రెండుపూటలా గట్టి పెరుగు వేసుకుంటాం. ఉదయం రాగిజావ. వంద గ్రాముల రాగులలో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ద్వాదశి పారణకు మా ఇంట అవిసాకు, ఉసిరిక పచ్చడి ఆనవాయితీ. నేడు ఉసిరికొమ్మను పూజించిన చేతులతో కాయను కూడా తినండి.

ఆమెకు మందులతో, తిండితో ఆరునెలలలో హిమోగ్లోబిన్ పదకొండు దాటింది. నాకు జ్ఞాపకం చాలావరకు తిరిగి వచ్చింది. ఎడమ అరికాలు మాత్రం ఇప్పటికీ మొద్దుగానే ఉంది, ఆలస్యం చేశారు తాతగారూ అన్నది ఆ అమ్మాయి. అరవై దాటినవారు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడేవారు, నావలె ఆమ్లపు బిళ్ళలు చిరకాలంగా వేసుకొనేవారు ఒక్కసారి వైద్యుణ్ణి అడిగి బి12 పరీక్ష చేయించుకోండి. వాడే మందులు మీకై మీరు ఆపవద్దు.

నేటి అన్నప్రసాదానికి మొదటి పంక్తిలో మాతృమూర్తులు, తెల్లవారుజాము నుండి వంటశాలలో ఉన్న తల్లులు కూర్చోవాలని ధర్మకర్తలను ప్రార్థించాను. వారు సంతోషంగా అంగీకరించారు. పురుషులం వడ్డిద్దాం. పప్పు గరిటె నాది. విస్తళ్ళు వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది, లేవండి.