పేలు వెదురు

చీనాదేశమున టపాకాయకు పూర్వపు పేరు 'బావ్‌జూ'. పేలు వెదురని దాని యర్థము. కాగితపు గొట్టమునకు వెదురు పేరేల? మన టపాకాయలో మాత్రము కాయ యున్నదా యని మీరడుగవచ్చును. చీనావారి పేరునకు కారణము పాతగ్రంథమున దొరకుచున్నది.

క్రీ.శ. 6వ శతాబ్దిలో జోంగ్ లిన్ అను నాతడు యాంగ్‌ట్సీ నదీ మధ్యప్రాంతపు పండుగలను వ్రాసిపెట్టెను. సంవత్సరాదినాడు జనులు కోడికూతతో లేచి, ముంగిట వెదురు పేల్చి, కొండపిశాచములను దఱుముచుండిరట. పచ్చివెదురు నిప్పున బడినచో కణుపుల నడుమ చిక్కిన గాలియు, నీటియావిరియు నుబ్బి, బొంగు ఫెళ్లున పగులును. మందు లేకయే మ్రోత! రాజుల దండయాత్రలు వ్రాయువారు పెక్కురు. ఇంటిముంగిటి వేడుకను పద్దున కెక్కించిన యీతనివంటివారు అరుదు. ఆ యొక్క పుస్తకము లేకున్న నీ వేడుకను మనమింత వివరముగా నెఱుగుట కష్టము.

సూరేకారము, గంధకము, బొగ్గు కలిపిన మందు తరువాతిది. 1044 నాటి యుద్ధతంత్ర గ్రంథమున దాని పాళ్లున్నవి. సోంగ్ రాజుల కాలమున నా మందును కాగితపు గొట్టములలో కూరిరి. వెదురు పోయినను పేరు పోలేదు. ఆ వంశము పడిపోయిన పిదప, హాంగ్‌జౌ నగరపు పూర్వవైభవమును తలచుకొని వ్రాసిన ఝౌ మీ, ఒక్కమాఱు నిప్పు ముట్టించిన నూటికిపైగా ఎడతెగక పేలు సరములను గూడ మఱవక పేర్కొనెను.