ముసలమ్మ మారలేదు, ఊరు మారింది



మధ్యాహ్నం భోజనాలయ్యాక, వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చి డిటెక్టివ్ నవల పట్టుకునే అలవాటు మీలో చాలామందికి ఉండే ఉంటుంది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌ని, అసిస్టెంటు రాజుని అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని, రాత్రికి రాత్రే చదివేసి, పొద్దున్నే తిరిగి ఇచ్చేసిన వాళ్ళు కూడా ఇప్పుడు ఈ మాటలు వింటూ ఉంటారు.

ఇలాంటి పాఠకుడి కోరిక చిత్రమైనది. అతనికి కొత్త కథ కావాలి, కాని అందులో పాత మనిషే ఉండాలి. యుగంధర్ లేకపోతే చిన్నబుచ్చుకుంటాడు, పోయినసారి చెప్పిన కథే మళ్ళీ చెబితే పుస్తకం పక్కన పారేస్తాడు. మరి ఒకే పాత్రను పదేళ్ళు, ఇరవై ఏళ్ళు, నలభై ఏళ్ళు నడిపే రచయిత ఈ రెండు కోరికలనూ ఎలా తీరుస్తాడు? ఈ పూట దీని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

డిటెక్టివ్ కథల్లో ఒక మెత్తని రకం ఉంది. ఇంగ్లీషులో దాన్ని కోజీ మిస్టరీ అంటారు. అందులో హత్య జరుగుతుంది గాని, నెత్తురు మన కళ్ళముందు కారదు. పిస్తోళ్ళు, ఛేజింగులు ఉండవు. ఒక చిన్న ఊరు, ఒకరినొకరు ఎరిగిన మనుషులు, వాళ్ళ మధ్య పోలీసు ఉద్యోగం లేని ఒక తెలివైన మనిషి. అంతే సరంజామా. ఈ రకానికి పెద్దదిక్కు అనదగ్గ పాత్ర అగాథా క్రిస్టీ సృష్టించిన మిస్ మార్పుల్. పెళ్ళి చేసుకోని ముసలావిడ. సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెలో ఉంటుంది. ఉన్ని అల్లుకుంటూ, తోటపని చేసుకుంటూ, ఊళ్ళోవాళ్ళ సంగతులు వింటూ కూర్చుంటుంది.

ఆవిడ మొదట కనిపించింది 1927లో, ఒక చిన్న కథలో. మొదటి నవల 1930లో వచ్చింది. క్రిస్టీ ఆవిడ మీద చివరిగా రాసిన నవల 1971 నాటిది. మొత్తం 12 నవలలు. అంటే నలభై ఏళ్ళకు పైబడిన కాపురం. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. మిస్ మార్పుల్ పుట్టడమే అరవై ఐదూ, డెబ్బై మధ్య వయసుతో పుట్టింది. ఇంతకాలం తనతో ఉండవలసిన మనిషిని అంత ముసలిదానిగా మొదలుపెట్టడం పొరపాటయిందని క్రిస్టీ తన ఆత్మకథలో ఒప్పుకున్నారు. కాని ఆ పొరపాటునే ఆమె ఎలా లాభంగా మార్చుకున్నారో చూడండి.

ఒకే ఇంటిని రెండుసార్లు చూద్దాం. 1942లో వచ్చిన 'ది బాడీ ఇన్ ద లైబ్రరీ' నవలలో, గాసింగ్టన్ హాల్ అనే భవనంలో కల్నల్ బాంట్రీ దంపతులు ఉంటారు. ఒకనాటి తెల్లవారుజామున వాళ్ళ పుస్తకాల గదిలో ఎవరో తెలియని అమ్మాయి శవం కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ తరవాత, 1962లో, 'ది మిర్రర్ క్రాక్డ్ ఫ్రమ్ సైడ్ టు సైడ్' నవలలో కథ మళ్ళీ అదే ఇంటికి వస్తుంది. కల్నల్ గారు పోయారు. భార్య ఆ భవనం అమ్మేసి, గేటు దగ్గరి చిన్న ఇంట్లో ఉంటోంది. భవనాన్ని ఒక సినిమా తార కొనుక్కుంది. ఊరి పక్క పొలాల్లో కొత్త కాలనీ వెలిసింది. పాత బుట్టల దుకాణం ఉన్నచోట తళతళలాడే సూపర్ మార్కెట్ లేచింది. మిస్ మార్పుల్‌కి చూపు మందగించింది, అల్లికలో కుట్లు జారుతున్నాయి, తోటపని చెయ్యొద్దని డాక్టరు కట్టడి చేశాడు. చూసుకోవడానికి కుదిర్చిన మనిషేమో ఆవిడని చంటిపిల్లలా బుజ్జగిస్తూ ప్రాణం తీస్తోంది.

ఇల్లు అదే, ముసలమ్మా ఆవిడే. కాని కథ మాత్రం ఎంత కొత్తదో! 1942లో ఆ ఇంట్లో సినిమా తార ఉండే అవకాశమే లేదు. హత్యకు కొత్త కారణాలు, కొత్త అనుమానితులు, కొత్త అబద్ధాలు ఎక్కడనుంచి వచ్చాయంటే, మారిన ఊరిలోనుంచే వచ్చాయి. క్రిస్టీ కీలకం ఇదే. మనిషి స్వభావాన్ని మార్చలేదు, గడియారాన్ని ఆపలేదు.

వయసు మీదపడటం కూడా కథకు పనికొచ్చింది. 1957 నాటి '4.50 ఫ్రమ్ పాడింగ్టన్'లో, పక్కపక్కనే పోతున్న రెండు రైళ్ళలో ఒకదాంట్లోంచి చూస్తే, రెండోదాంట్లో ఒకడు ఒక ఆడమనిషి గొంతు నులుముతూ కనిపిస్తాడు. శవం మాత్రం దొరకదు. వెతకడానికి మిస్ మార్పుల్‌కి ఒంట్లో ఓపిక లేదు. అందుకని ఇంటిపనుల్లో ఆరితేరిన లూసీ అనే చురుకైన అమ్మాయిని, ఒక పెద్ద కుటుంబంలో పనికి కుదిర్చి పంపుతుంది. ముసలమ్మ కాళ్ళు ఆగిపోయాయి కాబట్టే కథకు కొత్త కళ్ళు దొరికాయి.

1950 నాటి 'ఎ మర్డర్ ఈజ్ అనౌన్స్‌డ్' ఇంకా గట్టి ఉదాహరణ. యుద్ధం ముగిసింది, రేషను నడుస్తోంది, పల్లెల్లోకి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి స్థిరపడుతున్నారు. ఒకప్పుడు పక్కింటివాళ్ళ తాతముత్తాతలు కూడా తెలిసేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు తమ గురించి ఏం చెప్పుకుంటే అదే నమ్మాలి. ఆనాటి సమాజం పడిన ఆ దిగులునే క్రిస్టీ కథకు ఇరుసుగా చేశారు.

మారనిది ఏమిటి మరి? మిస్ మార్పుల్ ఆలోచించే పద్ధతి. ఎంత పెద్ద నేరమైనా ఆవిడకి తన ఊళ్ళో చూసిన ఏ చిన్న సంగతో గుర్తుకొస్తుంది. ఫలానా పనిపిల్ల ఇలాగే అబద్ధమాడింది, ఫలానా దుకాణదారు ఇలాగే తడబడ్డాడు అంటుంది. మనిషి గుణం ఎక్కడైనా ఒకటే అని ఆవిడ నమ్మకం. పాఠకుడు తిరిగి తిరిగి వచ్చేది ఆ చూపు కోసం. అది తీసేస్తే పుస్తకం కొత్తదే అవుతుంది గాని, మన ముసలమ్మది కాకుండా పోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటె ఇష్టమైన సంగతి. 1965లో వచ్చిన 'ఎట్ బెర్‌ట్రమ్స్ హోటల్'లో, చిన్నప్పుడు తాను బసచేసిన లండన్ హోటలుకి మిస్ మార్పుల్ మళ్ళీ వెళుతుంది. అక్కడ ఏమీ మారలేదు. అదే టీ, అవే కుర్చీలు, అదే మర్యాద. మొదట మురిసిపోతుంది. తరవాత మనసులో ఏదో ముల్లు గుచ్చుకుంటుంది. లోకమంతా మారిపోతే ఈ ఒక్కచోటే ఇంత పదిలంగా ఎలా ఉంది? గుట్టు నేను విప్పను, మీరే చదవండి. కాని ఆవిడ గ్రహించింది చెబుతాను. గడిచిన కాలానికి తిరిగి వెళ్ళలేము, బతుకు ముందుకే నడుస్తుంది. సుదీర్ఘమైన సీరీస్ రాసే రచయితలందరికీ క్రిస్టీ ఇచ్చిన హెచ్చరికగా నేను దీన్ని తీసుకుంటాను. ఏమీ మారకుండా అద్దాల బీరువాలో పెట్టిన ఊరు పాఠకుడికి కొన్నాళ్ళు ముద్దుగానే ఉంటుంది. ఆ తరవాత అబద్ధంలా కనిపిస్తుంది.

సరిహద్దు జిల్లాల్లో ఉన్న మీకు ఈ మాట నేను విడమరచి చెప్పక్కర్లేదు. హోసూరులోనూ, బళ్ళారిలోనూ, బరంపురంలోనూ, యానాంలోనూ తరాలుగా తెలుగు మాట్లాడుతున్న ఇళ్ళు ఉన్నాయి. తాతగారి తెలుగు మనవడి నోట అచ్చం అలాగే ఉండదు. పక్కభాష మాట ఒకటి చేరుతుంది, పాత మాట ఒకటి జారుతుంది. ఐనా అది ఆ ఇంటి తెలుగే. మారినందువల్లే నిలిచింది.

మీలో కథలు రాసేవాళ్ళు ఉంటే ఒక ప్రార్థన. మీ ఊరినే కథాస్థలం చేసుకోండి. రిటైరైన ఒక టీచరమ్మని తీసుకోండి. ఆవిడకి చుట్టుపక్కల రెండు మూడు భాషల యాసలు తెలుసు. పుట్టినప్పటినుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నానని చెప్పుకునే మనిషి, సంతలో బేరం తెలుగులో మొదలుపెట్టి, కోపం వచ్చినప్పుడు ఏ భాషలోకి వెళతాడు? డబ్బులు లెక్కపెట్టేటప్పుడు పెదవులు ఏ భాషలో కదులుతాయి? మీ టీచరమ్మ పట్టుకోగల ఆధారం ఇది. పట్నం నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరుకు ఇది దొరకదు. మొదటి కథలో ఆవిడ ఉత్తరాలు రాస్తుంది, పదో కథలో మనవరాలి సెల్‌ఫోన్ అరువడుగుతుంది. వీధిచివర చింతచెట్టు ఉన్నచోట అపార్టుమెంట్లు లేస్తాయి. లేవనివ్వండి. ఆవిడ చూపు మాత్రం చెదరనివ్వకండి. పాఠకుడు పదకొండో కథ కోసం తనే వచ్చి అడుగుతాడు.