తొమ్మిది ముక్కల కేకు

(కోలారు బంగారు గనుల ప్రాంతంలోని ఒక తెలుగు సంఘంలో, క్రిస్మస్‌కు ముందు జరిగిన కుటుంబ కూటంలో చేసిన ప్రసంగం)



డిసెంబరు రెండో వారం వచ్చిందంటే మన వీధుల్లో చక్కెర మాడిన వాసన మొదలవుతుంది. ఏ ఇంట్లో కేకు కలుపుతున్నారో గుమ్మం దాటకుండానే తెలిసిపోతుంది. ఈ సాయంత్రం ఆ కేకు గురించి మాట్లాడతాను. కేకు చేసే చేతుల గురించి, ముఖ్యంగా మన అక్కచెల్లెళ్ల చేతుల గురించి మాట్లాడతాను. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. దాన్ని మీ ముందు ఒప్పుకోవాలనే వచ్చాను.

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గని పని చేపట్టింది. తర్వాత చిత్తూరు వైపునుంచి, ఆర్కాటు వైపునుంచి మన తాతలు ఈ నేల కిందికి దిగారు. ఎక్కువమంది ఊళ్లో చోటు లేనివాళ్లు, సొంత పొలం లేనివాళ్లు. దొరల బంగళాల్లో పుట్టిన క్రిస్మస్ కేకు మెల్లగా మన లైన్ ఇళ్లకు వచ్చింది. కేకు వచ్చింది గానీ దాన్ని కాల్చే ఓవెన్ రాలేదు. అందుకే పిండి ఇంట్లో కలిపి, డేక్సాకు గుడ్డ కట్టి, పేరు రాసిన చీటీ పెట్టి బేకరీకి మోసుకెళ్లేవాళ్లం. ఇక్కడ కూర్చున్న పెద్దలు చాలామంది ఆ వరసలో నిలబడినవాళ్లే.

మా ఇంట్లో ముగ్గురం. అక్క పెద్దది, తర్వాత అన్న, ఆఖరివాణ్ణి నేను. కేకు పనికి అక్కే మేస్త్రీ. అరకిలో మైదా, అరకిలో చక్కెర, అరకిలో వెన్న, పది గుడ్లు. వెన్న కొనలేని ఏడు డాల్డా. వెన్నా చక్కెరా ఒకే వైపు తిప్పుతూ తెల్లగా నురగ వచ్చేదాకా గిలకొట్టడం అన్న పని. ఎండుద్రాక్ష కాడలు తీయడం, జీడిపప్పు తరగడం నా పని. సగం జీడిపప్పు నా నోట్లోకే పోయేది. చక్కెర నల్లగా మాడబెట్టి అందులో వేన్నీళ్లు పోసే పని మాత్రం అక్క ఎవరికీ ఇచ్చేది కాదు. నీళ్లు పడగానే అది చిటపటలాడి పైకి లేస్తుంది. మా అక్క మణికట్టు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

దుకాణంలో తూకం వేసేటప్పుడు అక్క కళ్లు ముల్లు మీదే ఉండేవి. "మైదా, చక్కెర, వెన్న మూడూ సమంగా ఉండాల్రా. ఒకటి ఎక్కువైందంటే కేకు నడుమ కుంగిపోతుంది" అనేది. బేకరీ అరుగు మీద ముగ్గురం ఒకే దుప్పటి కప్పుకుని మా చీటీ పిలిచేదాకా కూర్చునేవాళ్లం. తెల్లారాక అమ్మ ముక్కలు కోసేది. పక్కింటి తమిళ కుటుంబానికి, ఎదురింటి ముస్లిం కుటుంబానికి పళ్లేలు వెళ్లాకే మాకు పెట్టేది. ముగ్గురికీ ఒకే కొలత. ఎవరి ముక్క చిన్నదైనా ఆ రోజు ఇంట్లో గొడవే.

2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. నాయన చాంపియన్ రీఫ్‌లో దిగేవాడు. చేతికొచ్చిన డబ్బుతో చిన్న సైటు కొని రెండు గదులు లేపాడు. పైకప్పు వేయడానికి డబ్బు చాలలేదు. అక్క అప్పటికే తెల్లవారుజామున మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు గార్మెంట్స్‌కు పోతోంది. రాత్రి తిరిగొచ్చేసరికి మేం నిద్రపోయేవాళ్లం. ఆ ఇంటి పైకప్పు రేకులు అక్క జీతం. నేను వేదాంత కళాశాలలో చదివిన ఏళ్ల ఫీజు కూడా అక్క జీతమే. నా పట్టా మీద నా పేరొక్కటే ఉంది గానీ, దాని వెనక మా అక్క కుట్టిన కాలర్లు ఎన్ని వేలో నేను లెక్కపెట్టలేను.

అక్క పెళ్లయి హోసూరు వెళ్లింది. కొన్నేళ్లకు నాయన దగ్గుతో, ఆయాసంతో మంచం పట్టి వెళ్లిపోయాడు. వీలునామా ఏమీ రాయలేదు. మరుసటి క్రిస్మస్‌కు అక్క వచ్చింది. అప్పటికి ఇంట్లో కరెంటు ఓవెన్ ఉంది, బేకరీ వరస లేదు. ముగ్గురం మళ్లీ పిండి దగ్గర కూర్చున్నాం. అప్పుడు అన్న ఒక కాగితం తెచ్చాడు. హక్కు విడుదల పత్రం. "ఇల్లు నా పేరు మీదుంటేనే లోను ఇస్తారంట. సంతకం పెట్టక్కా. పండగ తర్వాత రిజిస్ట్రారు ఆఫీసుకు పోదాం" అన్నాడు.

అక్క చేతులకు పిండి ఉంది. కొంగుతో తుడుచుకుంది. అందులో ఏముందని అడగలేదు. నా ముఖం ఒకసారి చూసి సంతకం పెట్టింది. తర్వాత లేచి టిన్నులు ఓవెన్‌లో పెట్టింది. నేనూ సంతకం పెట్టాను.

నేనప్పటికే కాపరిని. భూమి లేని కుటుంబాల పట్టాల కోసం తాలూకా ఆఫీసుల ముందు కూర్చునేవాణ్ణి, మైకు పట్టుకుని న్యాయం గురించి మాట్లాడేవాణ్ణి. మా వంటింట్లో మాత్రం నోరు మెదపలేదు. అన్నతో గొడవెందుకు, పండగపూట అమ్మ ఏడుస్తుంది, అక్కకు హోసూరులో ఇల్లుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ సాయంత్రం కేకు చాలా బాగా కుదిరింది. అందరం తిన్నాం.

జనవరిలో మా సంఘపు సహోదరి ఒకామె వచ్చి, "అయ్యగారూ, మా అన్నలు నా వాటా గురించి మాట్లాడనివ్వడం లేదు, మీరొకసారి రండి" అంది. వెళ్లాను. వాక్యం చెప్పాను, చట్టం చెప్పాను. పెద్దన్న ఓపిగ్గా విని ఒకే మాట అడిగాడు: "అయ్యగారూ, మీ అక్కకు మీరెంత ఇచ్చారు?" నాకు జవాబు లేదు. లేచి వచ్చేశాను. ఆ మాట అతను నన్ను నోరు మూయించడానికే అడిగి ఉండొచ్చు. కానీ ఆ ప్రశ్న దేవుని దగ్గరనుంచి వచ్చిందనే నేను నమ్ముతున్నాను.

సహోదరులారా, ఇక్కడ కొంచెం చట్టం చెప్పుకుందాం. మనకు వర్తించే భారత వారసత్వ చట్టం 1925లో వచ్చింది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే, భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా చెందుతాయి. కొడుకు, కూతురు అనే తేడా అందులో లేదు. మా ఇంటి లెక్కకు ఒక కేకును తొమ్మిది ముక్కలు చేయండి. అమ్మకు మూడు. మిగిలిన ఆరు, ముగ్గురికీ రెండేసి. కేరళలో తిరువాన్కూరు క్రైస్తవ స్త్రీలకు ఈ సమానత్వం చాలాకాలం అందలేదు. మేరీ రాయ్ తన పుట్టింటి ఆస్తి విషయంలో సుప్రీంకోర్టుదాకా వెళ్లారు. 1986లో వచ్చిన ఆ తీర్పుతో అక్కడ కూడా ఈ చట్టమే వర్తిస్తుందని తేలింది. మనకు అంత పోరాటం కూడా అక్కర్లేదు. హక్కు కాగితం మీద ఎప్పటినుంచో ఉంది, మన ఇళ్లలోకే రాలేదు.

"మా సర్టిఫికెట్టులో హిందూ అని ఉంది కదా" అని కొందరు అడుగుతారు. 1950 నాటి ఉత్తర్వు వల్ల మనలో ఎందరికి ఆ అవస్థ వచ్చిందో నాకు తెలుసు. సరే, హిందూ వారసత్వ చట్టమే వర్తించిందనుకోండి. తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తిలో భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు సమాన భాగాలు. అప్పుడు మా కేకు నాలుగు ముక్కలవుతుంది. ఏ చట్టమో లాయరును అడగండి. కానీ ఆడబిడ్డ ముక్క లేకుండా కోసే చట్టం ఈ రెండింటిలో ఏదీ కాదు.

"పెళ్లికి ఖర్చుపెట్టాం, కట్నమిచ్చాం" అంటారు. కట్నం ఇవ్వడమూ తీసుకోవడమూ 1961నుంచి నేరం. పైగా అది వెళ్లింది అల్లుడి ఇంటికి. ఒక నేరాన్ని చూపించి ఇంకొక బాకీ ఎలా కొట్టేస్తాం?

ఇక లేఖనం దగ్గరికి వద్దాం. అన్నకోసం పిండివంట చేసిన చెల్లెలు బైబిల్‌లో ఒకామె ఉంది. సమూయేలు రెండో గ్రంథం పదమూడో అధ్యాయంలో తామారు. జబ్బు అని పడుకున్న అమ్నోను కళ్లముందే పిండి పిసికి, అప్పాలు కాల్చి పెట్టింది. ఆ చేతులు పట్టుకునే అతను ఆమెను పాడుచేశాడు. తర్వాత సొంత అన్న అబ్షాలోము ఏం చెప్పాడు? అతను నీ అన్నే కదా, ఊరుకోమన్నాడు. తండ్రి దావీదు కోపపడ్డాడు గానీ ఏమీ చేయలేదు. ఆ ఘోరాన్నీ ఆస్తి తగవునూ నేను ఒకే త్రాసులో వేయడం లేదు. కానీ ఆ "ఊరుకో" అనే మాట మనకు పరిచయమైనదే. కొట్టినా, ఆస్తి రాయించుకున్నా, "మీ అన్నే కదమ్మా" అంటాం. బంధం పేరు చెప్పి అన్నను నిలదీయం, చెల్లెలి నోరు మూస్తాం.

ఊరుకోనివాళ్లు కూడా ఉన్నారు. సంఖ్యాకాండం ఇరవై ఏడులో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందు, యాజకుని ముందు, సమాజమంతటి ముందు నిలబడి తండ్రి స్వాస్థ్యం అడిగారు. దేవుడు వాళ్లను గద్దించలేదు. వాళ్లు అడిగింది న్యాయమేనన్నాడు. గమనించండి, ఆ ఐదుగురూ కలిసి వచ్చారు. అక్కచెల్లెళ్ల బంధమంటే ఒకరి పక్కన ఒకరు నిలబడటం.

లూకా పన్నెండో అధ్యాయంలో ఆస్తి పంపకం చేయమని అడిగినవాడితో యేసు ఒప్పుకోలేదు కదా, లోభం గురించి హెచ్చరించాడు కదా అని వాటా అడిగే స్త్రీలకు ఆ వాక్యం చూపిస్తారు. నేనూ చూపించాను. లోభమనే పాపం అడిగేవాళ్లలో ఉండొచ్చు, పట్టుకుని కూర్చున్నవాళ్లలోనూ ఉండొచ్చు. ఆ ఉపమానంలో దేవుడు వెర్రివాడన్నది కొట్లు నింపుకున్నవాణ్ణే.

మా ఇంటి సంగతి ముగిస్తాను. రిజిస్ట్రేషన్ ఇంకా జరగలేదు. నేను అన్న దగ్గర కూర్చున్నాను. అన్న చెడ్డవాడని మీరనుకోవద్దు. నాయన మందులు, అమ్మ పోషణ మోసింది అతనే. "అక్క వాటా అడిగితే ఇల్లమ్మాలి, పిల్లలతో ఎక్కడికి పోను?" అనే భయం అతనిది. ఆ భయం వినకుండా న్యాయం మాట్లాడితే అతనెందుకు వింటాడు? అమ్మ ముందు కూర్చుని లెక్కవేశాం. ఆ కాగితం చింపేశాం. ఇల్లు అన్న ఉంచుకోవాలి, అమ్మ మూడు వంతులు అమ్మ పేరుమీదే ఉండాలి, అక్కకు రెండు వంతుల విలువ నాలుగేళ్లలో వాయిదాలుగా ఇవ్వాలి. నాది ఆఖరున తీసుకుంటానన్నాను. దాన్ని త్యాగమనకండి. అక్క దగ్గర నాకున్న బాకీ అంతకంటే పెద్దది.

హోసూరు వెళ్లి అక్కకు చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "డబ్బు సంగతి సరేరా. ఆ రోజు నీ ముఖం చూశాను. ఒక్క మాటంటావేమోనని చూశాను."

ఆ ఏడు అక్క క్రిస్మస్‌కు రాలేదు. మరుసటి ఏడు వచ్చింది. అన్నా అక్కా ఇదివరకంత చనువుగా లేరు, అబద్ధం చెప్పను. కానీ పోయిన పండక్కి అన్న వెన్న గిలకొడుతుంటే "ఇంకా తెల్లబడలేదు, తిప్పు" అని అక్క కసిరింది. ఆ కసురు విని మా అమ్మ నవ్వింది.

కాబట్టి ఈ పండక్కి మీకు కొన్ని మాటలు. అక్కచెల్లెళ్లు పుట్టింటికొచ్చినప్పుడు సంతకం కాగితం బయటికి తీయకండి. ఆడబిడ్డ తన వాటా వదులుకోవాలనుకుంటే అది ఆమె ఇష్టం. కానీ ముందు దాని విలువెంతో ఆమెకు తెలియాలి, తనవాళ్లెవరినైనా అడిగి చూసుకునే వ్యవధి ఉండాలి. సంఘ పెద్దలకూ నాతోటి కాపరులకూ ఒక మనవి. ఆమెతో విడిగా మాట్లాడకుండా అలాంటి పత్రానికి సాక్షి సంతకం పెట్టకండి. వాటా అడిగిన సహోదరి ఒంటరిగా నిలబడితే, ఆమె పక్కన ఇంకో నలుగురు సహోదరీలు వెళ్లి నిలబడండి.

మన సంఘంలో అందరినీ సహోదరీ సహోదరులారా అని పిలుచుకుంటాం. ఆ పిలుపు మన సొంత ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోకూడదు. ఈసారి మైదా, చక్కెర, వెన్న సమంగా తూచేటప్పుడు మా అక్క మాట గుర్తుచేసుకోండి. ఒకటి ఎక్కువైతే నడుమ కుంగిపోతుంది.

ప్రభువు మన ఇళ్లలో న్యాయాన్ని, దానితోపాటు ప్రేమను నిలుపును గాక. ఆమేన్.