కీలులో బూజు



ఊరగాయ జాడీలో తడి చెయ్యి పెడితే ఏమవుతుంది? బూజు పడుతుంది. ఆ బూజు జాతినే డాక్టర్లు ఫంగస్ అంటారు. అది మనిషి కీలులో కూడా చేరుతుంది. ఇది అరుదు. అరుదు కాబట్టే తొందరగా ఎవరికీ అనుమానం రాదు.

నాంపల్లి స్టేషను దగ్గర గులాబీలు అమ్మే ఒక అక్క ఉందనుకుందాం. మణికట్టు దగ్గర ముల్లు లోతుగా దిగింది. తీసి పారేసింది, మరిచిపోయింది. నెల దాటాక మణికట్టు వాచింది. జ్వరం లేదు. ఇరుగుపొరుగు వాతం అన్నారు. ఆబిడ్స్‌లో నొప్పి బిళ్లలు కొనుక్కుంది. వాపు పోలేదు. సూది వేయించుకో అన్నారెవరో. అది స్టెరాయిడ్ సూది అయితే? నొప్పి తగ్గినట్టే ఉంటుంది. లోపల ఫంగస్ పెరుగుతుంది. కీలు అరిగిపోతుంది. దండ కట్టే చెయ్యి వంగకపోతే ఆ ఇల్లు గడిచేదెట్లా?

2021లో కరోనా తర్వాత చాలామందికి బ్లాక్ ఫంగస్ వచ్చింది. ఆబిడ్స్ పక్కనే, కోఠీ ఇ.ఎన్.టి. ఆసుపత్రిలో వారికి వైద్యం చేశారు. అది ముక్కుకు, కంటికి వచ్చే వేరే ఫంగస్. అయినా పాఠం ఒకటే. షుగరు ఉన్నవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి.

మరి ఎట్లా కనిపెడతారు? కీలులోని నీరు సూదితో తీస్తారు. ఒక్కోసారి చిన్న ముక్క కూడా తీస్తారు. మామూలు క్రిములా, క్షయా, ఫంగసా అని పరీక్షిస్తారు. ఫంగస్ బయటపడటానికి వారాలు పట్టవచ్చు. రిపోర్టు ఆలస్యమైందని విసుగుపడి మానెయ్యవద్దు.

మామూలు యాంటీబయాటిక్ ఫంగస్‌ను చంపదు. దాని మందు వేరు. ఏ ఫంగసో తెలిస్తేనే సరైన మందు ఇస్తారు. నెలల తరబడి వాడాలి. కొందరికి ఆపరేషను చేసి కీలు కడుగుతారు. మధ్యమధ్య రక్తపరీక్ష చేయించాలి. నొప్పి తగ్గిందని మందు ఆపితే జబ్బు మళ్లీ తిరగబెడుతుంది.

ఒక్క కీలు వాచి, రెండు మూడు వారాలైనా తగ్గకపోతే సర్కారు దవాఖానకు పోవాలి. అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఉంది. ఎముకల డాక్టరుకు చూపించాలి. జ్వరంతో కీలు ఒక్కసారిగా వాస్తే ఆ రోజే పోవాలి.

పోయేముందు ఒక కాగితం తీసుకోండి. ముల్లు ఎప్పుడు గుచ్చుకుంది, వాపు ఎప్పుడు మొదలైంది, ఏ మందులు వాడారు, షుగరు ఉందా, అన్నీ రాయండి. డాక్టరు అడగకపోయినా ఆ కాగితం చేతిలో పెట్టండి. ముల్లు సంగతి మీరు చెబితేనే ఆయనకు తెలుస్తుంది. నేర్చుకున్న అక్షరం ఇక్కడ పనికొస్తుంది.