బడి చెంత మత్తు బేరము: శిక్షకు వెల యెంత?

ఇబ్రహీంపట్నము పెద్దచెరువు కట్టమీద నిలిచినవారికి ఆ యూరి చరిత్ర రెండు రూపములలో కనబడును. ఒకటి 16వ శతాబ్దమున గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షా నాటి చెరువు. రెండవది నాగార్జునసాగరు రహదారి పొడవున నిన్నమొన్న వెలసిన విద్యాలయములు. పొలములుగా నుండిన నేలపై నేడు ఇంజనీరింగు కళాశాలలు, పాఠశాలలు, వసతిగృహములు నిలిచియున్నవి. ఉదయమున ఆ దారిని పోవు బస్సులనిండ పిల్లలే. పది జిల్లాల తల్లిదండ్రుల ఆశలు ఆ బస్సులలో ప్రయాణము చేయుచున్నవి.

జనమున్న చోటికి వర్తకుడు వచ్చుట సహజము. మత్తు వర్తకుడును అట్లే వచ్చును. ఆంధ్ర ఒడిశా సరిహద్దు మన్యమున పండిన గంజాయి చేతులు మారుచు హైదరాబాదు పొలిమేరలకు చేరుచున్నది. 2017లో రాజధానిలో ఎక్సైజు శాఖవారు ఒక మత్తుమందుల వ్యవహారమును బయటపెట్టగా, కొన్నవారిలో బడిపిల్లలును ఉన్నారని తెలిసి తల్లిదండ్రులు ఉలికిపడిరి. నాటినుండి నలుగురు చేరినచోట వినబడు మాట యొక్కటే: బడి దగ్గర అమ్మినవానికి శిక్ష రెట్టింపు చేయవలెను.

ఆ కోపము న్యాయమైనది. పిల్లలను బడికి పంపువారిలో మేమును ఉన్నాము. ఆ కోపములో మాకును పాలు కలదు. అయితే ఇంటికి సరకు తెచ్చునపుడు వెల యడుగనివారు లేరు. కఠినశిక్ష అను సరకునకు మాత్రము ఎవరును వెల యడుగుట లేదు. అది ప్రభుత్వ ఖజానానుండి, అనగా మన చేతినుండియే, చెల్లునది. కనుక ఆ లెక్కను ఒకపరి విప్పి చూతము.

ముందుగా చట్టము సంగతి. మత్తుపదార్థముల చట్టము 1985లో వచ్చినది. గంజాయివంటి కొన్నింటిని మినహాయించి, పలు పదార్థముల విషయమున, పట్టుబడిన సరకు గోరంతయైనను కొండంతయైనను అమ్మినవానికి కనీసము 10 ఏండ్ల కారాగారమును అది విధించినది. ఆ కాఠిన్యము పెద్ద వర్తకునికంటె చిన్నవానినే యెక్కువగా నలిపినది. అందుచేతనే 2001లో పార్లమెంటు చట్టమును సవరించి, సరకు తూకమునుబట్టి శిక్షకు తరగతుల నేర్పరచినది. గంజాయి ఒక కిలో వరకైనచో ఒక ఏడాదికి మించని శిక్ష. 20 కిలోలు దాటినచో 10 మొదలు 20 ఏండ్లు. నడిమి తూకమునకు 10 ఏండ్లవరకు.

ఆ సవరణలోనే బడి మాటయు చేరినది. కనీసశిక్ష యేర్పడియున్న నేరము విద్యాలయమందుగాని, దాని సమీపమునగాని, విద్యార్థులు చదువునకు ఆటలకు చేరు తావునగాని జరిగినచో, న్యాయమూర్తి ఆ సంగతిని గమనించి శిక్షను పెంచవచ్చును. 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము పిల్లలకు మత్తు ఇచ్చినను, పిల్లలచేత మత్తు మోయించినను 7 ఏండ్లవరకు శిక్ష కలదు. కావున చట్టమున కాఠిన్యము లేదనుట సరికాదు.

ఇక వెల. మొదటిది చెరసాల ఖర్చు. సరకు పెద్ద తూకమైనచో బెయిలు దొరకుట దుర్లభము. దర్యాప్తునకే 180 దినముల గడువు కలదు. 2022 సంవత్సరాంతమున దేశములోని చెరసాలలలో 5,73,220 మంది ఉండగా, వారిలో నూటికి 75 మందికి పైగా తీర్పు వెలువడనివారే. వారి తిండి, వైద్యము, కాపలా, కోర్టుకు రాకపోకలు, అన్నియు ప్రజాధనముతోనే జరుగవలెను. శిక్షను ఒక కలముపోటున పెంచవచ్చును. చెరసాలలో నొక గదిని అట్లు పెంచజాలము.

రెండవది న్యాయస్థానపు ఖర్చు. శిక్ష ఎంత కఠినమో, రుజువునకు న్యాయమూర్తులు పట్టు నిక్కచ్చియు అంతటిది. ఆ నిక్కచ్చి ధర్మమే. సోదా జరిపిన విధానము, నమూనా తీసిన రీతి, ముద్ర వేసిన సమయము, వీనిలో ఏ యొక్కటి తప్పినను కేసు వీగిపోవును. ప్రయోగశాలలను, శిక్షణ పొందిన సిబ్బందిని పెంచక కేవలము శిక్షను పెంచినచో, తలుపు లేని ఇంటికి పెద్ద తాళము కొన్నట్లే యగును.

మూడవది ఏ బడ్జెటులోను కనబడని ఖర్చు. విద్యాలయము చెంత పొట్లముతో పట్టుబడువాడు ప్రతిసారియు వర్తకుడే కానక్కరలేదు. తాను త్రాగుటకై మరి ఇద్దరికి అమ్మిన పందొమ్మిదేండ్ల విద్యార్థియు కావచ్చును. వానిని పదేండ్లు బంధించినచో చదివిన చదువు, తండ్రి చేసిన అప్పు, చెల్లెలి పెండ్లి, అన్నియు ఆ చెరసాలలోనే చిక్కుకొనును. వానికి సరకిచ్చినవాడు మరునాడే వేరొక పిల్లవానిని వెదకికొనును.

ఈ మార్గమున మనకంటె ముందు నడచినవారి యనుభవమును చూతము. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రము 1987లో ప్రతి బడి చుట్టును 1000 అడుగుల హద్దు గీసి, ఆ లోపల మత్తు అమ్మినవారికి తప్పనిసరి చెరశిక్ష నేర్పరచినది. 2005లో ఆ రాష్ట్రము నియమించిన సంఘమే విచారించి చూడగా, బడులు దట్టముగానున్న నెవార్క్ నగరమున మూడువంతుల నేల ఆ హద్దులలోనే పడినది. ఊరంతయు హద్దులోనే యున్నపుడు బడిగుమ్మమును విడిచి దూరముగా పొమ్మని వర్తకునికి చెప్పునది యేమున్నది? ఆ శిక్షకు గురియైనవారిలో నూటికి 96 మంది నల్లజాతివారును, హిస్పానిక్ జాతివారును. తుదకు 2010లో చట్టము మార్చి, విచక్షణను తిరిగి న్యాయమూర్తుల చేతిలో పెట్టిరి.

అదే గీతను ఇబ్రహీంపట్నముపై గీసి చూడుడు. బడికొక వలయము, కళాశాలకొక వలయము గీయగా, బస్సు నిలుచు చోటు, అంగడి, అద్దె గది, ఏది బయట మిగులును? అంతటను ప్రత్యేకమైన కాపు అనినచో ఎక్కడను ప్రత్యేకము లేదన్నమాటయే.

శిక్ష వలదని మేము చెప్పుట లేదు. బస్తాలతో సరకు దింపువానికి, పసివారిచేత మోయించువానికి కఠినశిక్ష పడవలసినదే. దానికగు ఖర్చును మనము సంతోషముగా భరింపవలెను. కాని భయమును పుట్టించునది శిక్ష పొడవుకంటె పట్టుబాటు నిశ్చయము. ఎప్పుడో పదేండ్లు పడునేమోయను భయముకంటె, రేపు తప్పక దొరకుదునను భయము బలమైనది. ధనమును ముందుగా ఆ పనికి వినియోగింపవలెను: తెలంగాణలో మత్తును అరికట్టుటకేర్పడి 2025లో 'ఈగల్' అను పేరు పొందిన విభాగమునకు, ప్రయోగశాలలకు, త్వరితముగా తీర్పు చెప్పు కోర్టులకు.

రెండవ పని చికిత్స. 2019లో వెలువడిన జాతీయ సర్వేలో, మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కనికే ఏదోయొక చికిత్స అందుచున్నదని తేలినది. ఇతర మత్తుల విషయమందును చికిత్స బహు స్వల్పము. తానై చికిత్సకు వచ్చిన వ్యసనపరుని చిన్న తూకపు నేరమునుండి కాపాడు నిబంధన చట్టములోనే కలదు. ఆ సంగతి ఎందరు తల్లిదండ్రులకు తెలియును? 14446 అను జాతీయ సహాయ సంఖ్య ఎన్ని వసతిగృహముల గోడలపై కనబడుచున్నది?

చెరువుకట్టకు గండి పడకముందు సన్నని ఊట కనబడును. అప్పుడు తట్టెడు మట్టి చాలును. గండి పడిన పిదప బండ్లకొలది మట్టియు చాలదు. తరగతిలో చూపు చెదరిన పిల్లవాడు, అకస్మాత్తుగా డబ్బడుగు పిల్లవాడు, ఇంటికి వచ్చుట మానిన పిల్లవాడు, వీరే ఆ ఊట. దానిని చూడగలవారు ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, వసతిగృహపు నిర్వాహకులు. వారి చేతికి తట్టెడు మట్టి అందించుటకు అగు ఖర్చెంతో, తరువాత కట్టవలసిన చెరసాలకు అగు ఖర్చెంతో, రెండును ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొని, ఆ మీదట శిక్ష పెంచుమని కోరుదము.